నా కథ నేనే చెబుతాను

చిన్నప్పుడు మా ఊరి చెరువు గట్టున ఏటా కొన్ని గుడారాలు వెలిసేవి. "అటు పోకండే, సంచిలో వేసుకుపోతారు" అని నాయనమ్మ భయపెట్టేది. ఆ గుడారాల పిల్ల ఒకతి రోజూ మా బడి కిటికీ దగ్గర నిలబడి పాఠం వినేది. ఒకరోజు నా పలక కనిపించలేదు. అందరం ఆ పిల్లకేసే వేలు చూపించాం. మర్నాటి నుంచి ఆమె రాలేదు. పలక మాత్రం మా ఇంట్లోనే, మంచం కింద దొరికింది. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఈమధ్య రుమేనియా నటి అలీనా షెర్బాన్ గురించి చదువుతుంటే ఆ పలక గుర్తొచ్చింది.

అలీనా రోమా స్త్రీ. మనం జిప్సీలంటామే, వాళ్లే. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచే వెళ్లారంటారు భాషా శాస్త్రవేత్తలు. వాళ్ల భాషలో నీళ్లు 'పాని', మనిషి 'మనుష్'. కానీ యూరప్ వాళ్లను మనుషులుగా చూసిందెప్పుడు? నేటి రుమేనియాలోని వలాకియా, మోల్డేవియా ప్రాంతాల్లో దాదాపు అయిదు వందల ఏళ్లు, 1856 దాకా, వాళ్లు బానిసలు. రాజులకూ మఠాలకూ భూస్వాములకూ ఆస్తి కింద లెక్క! బానిసత్వం పోయినా అనుమానం పోలేదు. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న నింద అక్కడా ఉంది.

బుకారెస్ట్‌లో మట్టి ఇంట్లో, ఆ తర్వాత అనాథ శరణాలయంలో పెరిగింది అలీనా. రోమానని చెప్పుకోవడానికి సిగ్గుపడిన ఆ పిల్లే నటన నేర్చుకుని, లండన్‌లోనూ చదివి, తన బతుకునే ఏకపాత్ర నాటకంగా రాసుకుని ఆడింది. దాని పేరుకు అర్థం 'నా సొంత బాధ్యతపై ప్రకటిస్తున్నాను' అని. అక్కడి ప్రభుత్వ కాగితాల్లో సంతకానికి ముందు రాసే మాట అది. రోమా బానిసత్వం మీద రాసిన మరో నాటకానికి 'మహా సిగ్గు' అని పేరు పెట్టింది. ఇంతకీ ఆ సిగ్గు ఎవరిది? అమ్ముడుపోయిన వాళ్లదా, కొనుక్కున్న వాళ్లదా?

ఆమె ఒక్కతే కాదు. 2014లో మిహయెలా ద్రగాన్, జీతా మొల్దొవాన్ అనే రోమా నటీమణులు 'జువ్లిపెన్' అనే నాటక సంస్థ పెట్టారు. రోమా భాషలో 'జువ్లి' అంటే స్త్రీ. స్త్రీవాదం అన్న అర్థంలో ఈ మాట వాళ్లే కల్పించుకున్నారు. బయటివాళ్ల వివక్షతో పాటు తమ ఇళ్లలో జరిగే బాల్యవివాహాల గురించి కూడా వీళ్లు నాటకాల్లో మాట్లాడతారు. "ఇంటిగుట్టు బయటపెడతారా?" అనేవాళ్లు వాళ్లకి మాత్రం ఉండరా? అయినా వెనక్కి తగ్గలేదు.

సినిమాల్లో, కథల్లో జిప్సీ స్త్రీ అంటే జోస్యం చెప్పాలి, లేదా నాట్యమాడాలి. అదంతా ఇతరులు రాసిన వేషం. తన నోటితో తన బతుకు చెబుతున్న మనిషి ఎదురుగా నిలబడితే, ఆ వేషాన్ని నమ్మడం కష్టం. ఆత్మకథా నాటకానికున్న బలం ఇదే.

ఆ కిటికీ దగ్గరి పిల్ల ఇప్పుడెక్కడుందో! ఎప్పుడైనా తన కథ తను చెబితే, అందులో అబద్ధమాడిన పిల్లను నేనే. ముందు వరుసలో కూర్చుని వినాల్సిందీ నేనే.