పాత ఇంజన్ ఆయిలు - పారబోసే ముందు ఒక్క మాట

చర్మ వ్యాధులతో మా ఆసుపత్రికి వచ్చే మెకానిక్ సోదరులను మేము మొదట అడిగే ప్రశ్న, "పని అయ్యాక చేతులు దేనితో కడుగుతారు?" అని. చాలామంది "పెట్రోలుతో" అంటారు. చూస్తే వేళ్ల సందుల్లో పగుళ్లు, ముంజేతుల మీద నల్లటి చిన్న మొటిమలు కనిపిస్తాయి.

కొత్త ఆయిలు తేనె రంగులో ఉంటుంది. ఇంజన్ వేడికి, ఇంధనం కాలిన మసికి అది నల్లబడుతుంది. అరిగిన లోహాల పొడి కూడా అందులో చేరుతుంది. ఆ మసిలో క్యాన్సర్ కలిగించే రసాయనాలుంటాయి. ఒకసారి తగిలితే భయపడనక్కరలేదు. కాని ఏళ్ల తరబడి రోజూ ఒంటికి అంటుకుంటే చర్మ క్యాన్సర్ రావచ్చు.

చేతుల సంగతి: పెట్రోలు, కిరోసిన్ చర్మంలోని సహజమైన జిడ్డును లాగేస్తాయి. వాటికి బదులు కొంచెం కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. గ్లవ్స్ వేసుకుంటే మరీ మంచిది. ఆయిలు గుడ్డను జేబులో పెట్టుకోవద్దు. ఆయిలు బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు.

పిల్లల సంగతి: పాత ఆయిలును కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచకండి. పిల్లలు తాగేస్తారు. తాగితే ఉప్పునీళ్లు పట్టించి, గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు. కక్కేటప్పుడు ఆయిలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నోరు తుడిచి, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. దగ్గు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి.

మానవలసిన అలవాట్లు: పశువుల గజ్జికి ఈ ఆయిలు పూస్తారు. అవి దాన్ని నాకుతాయి. పశువైద్యుని మందు వాడండి. దుమ్ము లేవకుండా వాకిట్లో చల్లవద్దు. పొయ్యిలో, ఇటుక బట్టీలో కాల్చవద్దు. ఆ పొగలో లోహాలు కూడా ఉంటాయి.

మరి ఏం చేయాలి? మోటారు సైకిలు నుండి దాదాపు 1 లీటరు, ట్రాక్టరు నుండి 6-8 లీటర్లు పాత ఆయిలు వస్తుంది. ఇంజన్ కొంచెం చల్లారాక పళ్లెంలోకి దించి, ఆయిలు డబ్బాలోనే పోసి, మూత బిగించి, పైన "పాత ఆయిలు" అని రాయండి. నీళ్లు, పెట్రోలు కలపవద్దు. కలిపితే శుద్ధి చేయడం కష్టం. దాన్ని పాత ఆయిలు సేకరించే సర్వీసు సెంటరుకు ఇవ్వండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే అది చేరాలని 2016 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కనుక, ఎవరికి పంపుతున్నారో సర్వీసు సెంటరు వారిని అడగండి. అక్కడ శుద్ధి చేసిన ఆయిలు మళ్లీ పనికి వస్తుంది.

బావి గట్టున డీజిల్ ఇంజన్ ఆయిలు మార్చేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాం. నేల మీద పోసిన ఆయిలు కంటికి కనబడకుండా ఇంకిపోతుంది, కాని ఎక్కడికీ పోదు. వానలకు అది చేరేది ఆ బావిలోకే. ఆ నీళ్లే మనం తాగేవి.