కత్తికి తగిన ఒర

బక్రీదు సమీపించగానే ఇళ్లలో కత్తులు బయటికి వస్తాయి. ఏడాదిపాటు అటక మీద పడి ఉన్న కత్తికి తుప్పు పట్టి, అంచు మొద్దుబారి ఉంటుంది. జిబహ్ చేసే జంతువుకు బాధ తగ్గించడానికి కత్తిని బాగా పదును పెట్టుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఒరలేని ఖడ్గాన్ని ఒకరి చేతి నుండి మరొకరు అందుకోవడాన్ని కూడా ఆయన వారించారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పదును ఎంత అవసరమో, ఆ పదును వల్ల తోటివారికి హాని జరగకుండా చూడటం కూడా అంతే అవసరం. అందుకు తోడ్పడేది తోలు ఒర.

తోలు ఎంపిక

తోళ్లను శుద్ధి చేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో చేసేది మన దక్షిణాదిన పూర్వం నుండీ ఉన్న పద్ధతి. క్రోమియం లవణాలతో చేసేది ఆధునిక పద్ధతి. క్రోమియం తోలు మెత్తగా ఉంటుంది. తడిపి మలిచినా ఆకారం నిలవదు. కనుక ఒరకు చెక్కతో శుద్ధి చేసిన తోలే తగినది. మేక తోలు పలుచన. సుమారు 3 మిల్లీమీటర్ల మందం గల గేదె తోలు మేలు.

తయారీ

ముందుగా కాగితాన్ని కత్తి వెన్ను మీదుగా మడిచి నమూనా గీయాలి. అంచు వైపు కుట్టుకు ఒక వేలి వెడల్పు వదలాలి. నమూనా ప్రకారం తోలు కోసి, రెండు పొరల మధ్య అంచు పొడవునా సన్నని తోలుపట్టీ పెట్టి జిగురుతో అతికించాలి. ఈ పట్టీయే ఒరకు ప్రాణం. అది లేకపోతే పదునైన అంచు నేరుగా దారాన్ని తాకి, కొద్దికాలానికే కుట్లను తెంపుతుంది. అప్పుడు ఒరలో ఉన్న కత్తే చేతిని కోస్తుంది.

ఆరెతో సమదూరంలో రంధ్రాలు చేసి, మైనం పట్టించిన దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలో రెండు వైపుల నుండీ కుట్టాలి. ఇలా కుడితే ఒక కుట్టు తెగినా మిగిలినవి ఊడిపోవు.

తుది మెరుగు

ఒరను కొద్ది నిమిషాలు నీటిలో తడిపి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన కత్తిని లోపల జాగ్రత్తగా ఉంచి, వేళ్లతో నొక్కుతూ ఆకారం తేవాలి. తర్వాత కత్తిని తీసి నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. ఆరిన పిమ్మట అంచులను గరుకు కాగితంతో సమం చేసి, కొద్దిగా తడిచేసి, నున్నని కర్రతో మెరుపు వచ్చేదాకా రుద్దాలి. చివరగా పలుచగా నూనె, దానిపై తేనెమైనం పట్టించాలి.

భద్రపరచడం

చాలామంది పొరపడేది ఇక్కడే. ఒర కత్తిని మోసుకుపోవడానికే గాని, నెలల తరబడి దాచడానికి కాదు. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమతో ఇనుము తుప్పు పడుతుంది. పండుగ ముగిసిన వెంటనే కత్తిని కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నూనె రాసి, మందపాటి కాగితంలో చుట్టి పిల్లలకు అందకుండా తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. ఒరను విడిగా గాలి తగిలే చోట ఉంచాలి.

స్వయంగా చేయలేనివారు ఊరిలో చెప్పులు కుట్టే పనివారికి ఈ వివరాలు చెప్పి చేయించుకోవచ్చు. వారి నైపుణ్యాన్ని గౌరవించి, బేరమాడకుండా, ఆలస్యం చేయకుండా కూలి చెల్లించడం మన ధర్మం.