గాలిపటానికి చోటు చూసేటప్పుడు...



సంక్రాంతి సెలవులు రాగానే పిల్లలు గాలిపటం పట్టుకుని పరుగెత్తేది డాబా మీదికే. ఎత్తులో గాలి బాగుంటుందని మనమూ పంపేస్తాం. నిజానికి అక్కడ గాలి తిన్నగా వీచదు. ఇంటి గోడకు తగిలిన గాలి పిట్టగోడ మీదుగా పైకి లేచి, దాని వెనకాల సుడి తిరుగుతుంది. అందుకే పటం లేచినట్టే లేచి, గింగిరాలు కొట్టి పడిపోతుంది. దాన్ని మళ్లీ లేపాలని పిల్లవాడు దారం లాగుతూ వెనక్కి అడుగులు వేస్తాడు. చూపేమో ఆకాశంలో, వెనకేమో పిట్టగోడ. నా భయమంతా ఇక్కడే.

ఇళ్ల వెనకా, చెట్ల వెనకా ఇదే తంతు. వాతావరణ కేంద్రాల్లో గాలిని కొలిచే పరికరాన్ని, దగ్గర్లోని అడ్డంకి ఎత్తుకు కనీసం 10 రెట్ల దూరంలో పెట్టాలంటారు. అంటే 20 అడుగుల ఇంటికి 200 అడుగులు! మన వీధుల్లో అంత ఖాళీ ఎక్కడిది? పెనుగంచిప్రోలు వాళ్లకు మునేరు ఒడ్డుంది. చెట్లకూ నీళ్లకూ ఎడంగా, పైన కరెంటు తీగలు లేని చోటు చూడండి. పైరు లేని పొలమైనా సరే. మీలో ఒకరు పక్కన ఉండండి.

చోటు ఎంచే పని మాత్రం పిల్లలకే వదిలేయండి. నాలుగు ఎండుగడ్డి పరకలు గాల్లోకి వదలమనండి. అన్నీ ఒకే వైపు సాగిపోతే సరే. తలో దిక్కుకు తిరిగితే ఇంకాస్త దూరం నడవాలి. ఎక్కడ ఎలా ఎగిరిందో సెలవుల తర్వాత క్లాసులో అడుగుతాను.