రొయ్య పిల్ల గట్టు దగ్గరే చావకుండా...

"లక్ష పిల్ల వదిలాం, పట్టుబడికి వస్తే సగం కూడా లేదు." వనామి చెరువుల గట్ల మీద తరచూ వినిపించే మాటే ఇది. తప్పంతా హ్యాచరీదే అనుకుంటాం. కొన్నిసార్లు నిజమే. కానీ మంచి పిల్ల కూడా చెరువులో వదిలే ఆ కాసేపట్లో మన తొందర వల్ల పోతుంది.

చేప చస్తే పైకి తేలుతుంది. రొయ్య పిల్ల చస్తే అడుగుకు పోతుంది, కంటికి కనబడదు. ఉన్నది 50 వేలే అయినా లక్షకు లెక్కగట్టి మేత వేస్తూ పోతాం. తినగా మిగిలింది అడుగున కుళ్లి అమోనియా పుడుతుంది. బతికిన వాటికీ చేటే. ఎకరం చెరువు మీద అప్పు తెచ్చిన రైతుకు ఇది తేరుకోలేని దెబ్బ.

అసలు చిక్కు ఉప్పు తేడాతో వస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దీన్నే 35 పీపీటీ అంటారు. బోరు నీటితో నింపిన చెరువులో 5 కూడా ఉండకపోవచ్చు. ఒంట్లో ఉప్పును రొయ్య మొప్పలతో సర్దుకుంటుంది. అందుకు గంటలు పడుతుంది. మొప్పలు ఎదగని లేత పిల్లకు అది చేతకాదు. అందుకే ఉప్పు తక్కువ చెరువులకు పీఎల్-10 దాటిన పిల్లనే తెచ్చుకోవాలి. మీ చెరువు నీటి ఉప్పు ఎంతో నాలుగైదు రోజుల ముందే హ్యాచరీకి చెప్పండి. అక్కడే రోజురోజుకూ తగ్గించి ఇస్తారు. మనం అడగాలి, అంతే.

బస్తాల కొద్దీ ఉప్పు పోస్తే సరిపోతుందనుకోకండి. రొయ్యకు పొటాషియం, మెగ్నీషియం కూడా కావాలి. పిల్ల తేకముందే నీటి పరీక్ష చేయించి, తక్కువైనవి వేసుకోవాలి. పిల్లకు పీసీఆర్ పరీక్ష కూడా మానకూడదు. 1994-95లో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను ఎలా తుడిచిపెట్టిందో పాతవాళ్లకు గుర్తే.

పిల్ల తెల్లవారుజామునే చెరువు దగ్గరికి చేరేలా చూసుకోండి. కవర్లను మూతి విప్పకుండా అరగంట చెరువు నీటిలో తేలనివ్వండి, వేడి సమం అవుతుంది. ఎండలో మాత్రం వద్దు, కవరు లోపల నీరు కాగిపోతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. మూతులన్నీ ఒకేసారి విప్పి టీకి వెళతారు! దారి పొడుగునా పిల్ల వదిలిన బొగ్గుపులుసు వాయువు కవరులోనే ఉండి, అమోనియా విషాన్ని అణచి ఉంచుతుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోతుంది, నీటి పీహెచ్ పెరుగుతుంది, అమోనియా విషమవుతుంది. కాబట్టి చేయగలిగినన్ని కవర్లే విప్పి, వెంటనే తొట్టిలో పోసి, గాలి పెట్టి, చెరువు నీళ్లు మగ్గుతో కలుపుతూ పోవాలి. ఉప్పు గంటకు 2 పీపీటీకి మించి తగ్గకూడదు. తొట్టిలో పిల్ల కిక్కిరిసి ఉండకూడదు. తేడా మరీ ఎక్కువుంటే తొట్టి పని కాదు, హ్యాచరీలోనే తగ్గించి తేవాలి.

చివరగా వంద పిల్లల్ని లెక్కపెట్టి, సన్నకన్ను వల సంచిలో వేసి చెరువులోనే కట్టండి. రెండు రోజులాగి మళ్లీ లెక్కపెట్టండి. 80 ఉంటే లక్షకు 80 వేలే ఉన్నాయనుకుని మేత వేయండి. 50కి పడిపోతే మేత సంగతి పక్కనపెట్టి, ముందు నీటిని మళ్లీ పరీక్షకు పంపండి.