కర్తకు తగిన క్రియ

“మా తండ్రిగారు ఉపాధ్యాయులు. వారు రేపు వచ్చెదరు.” ఈ రెండు వాక్యములను ఇంగ్లీషులోనికి మార్చుమన్నచో, క్రొత్తగా నేర్చుకొను పిల్లవాడు ‘మై ఫాదర్ ఆర్ ఎ టీచర్. దే విల్ కమ్ టుమారో’ అని వ్రాయవచ్చును. రెండు వాక్యములక్రిందను ఎఱ్ఱసిరా గీత పడును. కాని ఆ తప్పు వ్రాయించినది అశ్రద్ధ కాదు, తండ్రిని ఏకవచనమున పేర్కొనరాదని ఇంట నేర్చిన మర్యాద. ‘హి’ అనగా ‘వాడు’ మాత్రమే కాదు; అతడు, ఆయన, వారు అను గౌరవభేదము లన్నియు ఆ యొక్క మాటలోనే యిమిడి యున్నవని ముందుగా చెప్పవలెను. చెప్పక గీత మాత్రమే గీసినచో, ఈ భాష తనకు పట్టుపడదని ఆ పిల్లవాడు నిరాశ చెందును.

కర్తనుబట్టి క్రియ మారుట మనకు వింత కాదు. వచ్చితిని, వచ్చితివి, వచ్చిరి అన్నంతనే కర్త యెవరో తెలియును. ఇంగ్లీషున సామాన్యక్రియలకు వర్తమానమున ప్రథమపురుష ఏకవచనమందే ‘స్’ చేరును. చిక్కేమనగా, నామమునకు బహువచనము తెచ్చునదియు ఆ ‘స్’ యే. ‘బాయ్ రన్స్’, ‘బాయ్స్ రన్’ — ఒక్క ‘స్’ ఇటునుండి అటు దూకును.

పాలు పొంగినవి, నీళ్లు కాగినవి అందుము. ‘మిల్క్’, ‘వాటర్’ ఏకవచనములు. కత్తెర మన కొక్కటి, ‘సిజర్స్’ బహువచనము. కళ్లజోడును అంతే.

అన్నిటికంటె మోసపుచ్చునది వేఱొకటి కలదు. ‘మామిడిపండ్ల బుట్ట వచ్చినది’ అన్నప్పుడు క్రియప్రక్కన నుండునది బుట్ట. ‘ది బాస్కెట్ ఆఫ్ మాంగోస్ హాజ్ కమ్’ అన్నప్పుడు క్రియప్రక్కకు పండ్లు వచ్చి కూర్చుండును. వానిని విన్న చెవి ‘హావ్’ అనుమనును. ‘ఆఫ్ మాంగోస్’ అనుదానిని వ్రేలితో మూసి చదివినచో అసలు కర్త బయటపడును.

ఖాళీలు పూరించుటకంటె నోట పలుకుట మేలని మా అభిప్రాయము. రేడియోవారు మఱేమందురని శ్రోతలు నవ్వినను సరియే! ఇంటిలో పెద్దవారొకరు ‘మై సిస్టర్’, ‘మై సిస్టర్స్’, ‘ది మిల్క్’ అని కర్తను మాత్రము అందీయవలెను. పిల్లలు ‘ఈజ్ హియర్’ అనియో ‘ఆర్ హియర్’ అనియో వెంటనే ముగించి, రెండవ వాక్యమును తగిన సర్వనామముతో, ‘షి’, ‘దే’, ‘ఇట్’ అని మొదలిడవలెను. నడుమనడుమ ‘మై ఫాదర్’ అనుచుండుడు; ‘హి’ అనుటకు నాలుక వెనుదీయకుండు వఱకును విడువకుడు.

ఇక ‘ఎవ్రీబడి’ మాట. దాని క్రియ ఏకవచనమే: ‘ఎవ్రీబడి హాజ్ కమ్’. దాని వెంట ‘హిజ్’ అనియే వ్రాయవలెనని పూర్వపు పాఠ్యపుస్తకములు పట్టుపట్టెడివి. నేడు ‘దేర్’ అనుటను పెక్కుమంది అంగీకరించుచున్నారు. ‘ప్రతివారును తమ గొడుగు తెచ్చుకొనిరి’ అను మనకు ఇది వినసొంపుగనే యుండును. పరీక్షకు పోవువారు మాత్రము, తమ ఉపాధ్యాయుడు దేనిని ఒప్పుకొనునో ముందే అడిగి తెలిసికొనుట మంచిది.