మాటలు రాని పాపాయికి ఏం తెలుసో ఎలా కనుక్కుంటారు?

ఏడాది నిండని పాపాయిని ప్రశ్నలు అడగలేం. మరి ఆ బుర్రలో ఏముందో శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది?

స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే తన ముగ్గురు పిల్లల్ని దగ్గరుండి గమనిస్తూ, చూసింది చూసినట్టు రాసుకున్నాడు. బొమ్మ మీద గుడ్డ కప్పితే మరీ చిన్న పాపాయిలు దాన్ని వెతకరు. సుమారు 8 నెలల వయసు వచ్చాకే గుడ్డ లాగి చూడటం మొదలుపెడతారు. కంటికి కనిపించని వస్తువు కూడా ఉంటుందని అంతకుముందు వాళ్లకు తెలియదని పియాజే భావించాడు.

వెతకలేదంటే తెలియదనేనా? చేతులు ఇంకా స్వాధీనంలోకి రాలేదేమో! అందుకే తర్వాతి పరిశోధకులు చేతుల్ని వదిలి చూపును గమనించారు. చూసిందే చూస్తే పాపాయిలు విసుగెత్తి చూపు తిప్పుకుంటారు. వింతగా ఏదైనా జరిగితే ఎక్కువసేపు చూస్తారు.

1985లో పరిశోధకురాలు రెనే బయార్‌జోన్, ఆమె సహచరులు 5 నెలల పాపాయిలకు అటూ ఇటూ వాలే ఒక పలకను చూపించారు. దాని వెనక ఒక పెట్టె పెట్టారు. పలక లేస్తే పెట్టె కనిపించదు. ఒకసారి పలక పెట్టె దగ్గర ఆగింది. ఇంకోసారి, పెట్టెను రహస్యంగా తప్పించడంతో, పూర్తిగా వెనక్కి వాలిపోయింది. పాపాయిలు ఈ రెండోదాన్నే ఎక్కువసేపు చూశారు. అంటే కనిపించని పెట్టె అక్కడే ఉందని వాళ్లు అనుకున్నట్టే!

పలక ఎక్కువ దూరం కదిలినందుకే అలా చూశారా? ఆ అనుమానం తీర్చుకోవడానికి పెట్టెను పలక దారిలో కాకుండా పక్కన పెట్టి చూశారు. అప్పుడు ఆ తేడా రాలేదు. అయినా చూపుకు అర్థమేమిటన్న చర్చ ఆగలేదు. ఒక జవాబు దొరికాక, దానికి ఇంకో కారణం ఉందేమో అని వెతకడమే మంచి పరిశోధన.