14వ రోజు లెక్క అందరికీ కాదు

పెళ్లయిన కొన్నాళ్లకే ఇంట్లో ‘విశేషమేమైనా ఉందా?’ అని అడగటం మొదలవుతుంది. దీంతో చాలామంది దంపతులు నెలసరి మొదలయ్యాక 14వ రోజు కోసమే ఎదురుచూస్తుంటారు. కానీ ఈ లెక్క అందరికీ సరిపోదు.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్‌ హార్మోన్‌ అండాశయంలో అండం ఎదగటానికి తోడ్పడుతుంది. ఈస్ట్రోజెన్‌ తగినంత పెరిగాక ఎల్‌హెచ్‌ హార్మోన్‌ ఒక్కసారిగా ఎక్కువవుతుంది. ఆ తర్వాత సుమారు ఒకటిన్నర రోజుకు అండం విడుదలవుతుంది. సాధారణంగా ఇది తర్వాతి నెలసరికి రెండు వారాల ముందు జరుగుతుంది. అంటే 28 రోజులకు నెలసరి వచ్చేవారికి 14వ రోజు, 35 రోజులకు వచ్చేవారికి దాదాపు 21వ రోజు అన్నమాట.

విడుదలైన అండం 12-24 గంటలే బతుకుతుంది. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో 5 రోజుల వరకూ ఉండగలవు. కాబట్టి అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు 5 రోజులు కీలకం. అప్పుడు రోజు విడిచి రోజు కలిసినా చాలు.

ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టర్‌ను కలవాలి. భార్య వయసు 35 దాటితే 6 నెలలకే వెళ్లటం మంచిది. నెలసరి క్రమం తప్పుతుంటే అంతవరకూ ఆగొద్దు. లోపం ఆమెలోనే ఉందనుకోవటం తగదు. వీర్య పరీక్ష చాలా తేలిక. మొదటిసారే ఇద్దరూ కలిసి వెళ్తే విలువైన కాలం వృథా కాదు.